కెంపడి హారం

తపసికోన అనే అడవిలో కింద జింకలు, కుందేళ్లు, ఎలుగులు తిరిగేవి. పైన కొమ్మల మీద చిలుకలు, గోరువంకలు కాపురం ఉండేవి. కోకిలలకు కాపురాలు లేవు గాని, అవీ అక్కడే ఉండేవి.

ఆ కోనలో కొండరాళ్ల మధ్య తపసి చెట్లు తెల్లగా, నున్నగా నిలబడి ఉండేవి. వాటిలో అన్నిటికంటే పెద్దచెట్టుకు సగం ఎత్తులో ఒక తొర్ర ఉంది. మూతి ఇరుకు, లోపల వెడల్పు. వాన జల్లు లోపలికి కొట్టదు. బెరడు నున్నగా ఉండటంతో పాము పైకి పాకలేదు. ఆ తొర్రలో రేగమ్మ అనే చిలుక తన భర్తతో కలిసి ఆరేళ్లు గుడ్లు పొదిగింది, పిల్లల్ని పెంచింది.

వైశాఖంలో ఒక సాయంత్రం గాలివాన వచ్చింది. వాన వెలిసేసరికి కొమ్మ మీద రేగమ్మ ఒక్కతే ఉంది.

ఆ తర్వాత ఆమె తొర్రలోకి వెళ్లలేదు. ఎవరైనా అడిగితే, "నాకెందుకు. కెంపడు తీసుకుంటాడులే," అనేది. అంతకు మించి మాట్లాడేది కాదు.

కెంపడు ఆమె కొడుకు. పుట్టినప్పుడే ముక్కు మరీ ఎర్రగా ఉందని తండ్రి ఆ పేరు పెట్టాడు. మూడో ఏడు వచ్చేసరికి వాడి మెడ చుట్టూ హారం వచ్చింది. మగచిలుకలకు వచ్చేదే. ముందువైపు నల్లటి గీత, వెనకవైపు గులాబీ పట్టీ. కానీ కెంపడికి వచ్చినంత వెడల్పు పట్టీ ఆ కోనలో ఇంకెవరికీ రాలేదు.

"ఒరేయ్, నీ హారం ఆ గట్టు మీద నుంచి కూడా కనిపిస్తోందిరా," అనేవాళ్లు గుంపులో వాళ్లు.

ఒక్క కెంపడికే అది కనిపించేది కాదు. ఎవరి మెడ వాళ్లకు కనిపించదు కదా. వాడు రాళ్ల మధ్య నీటిగుంట దగ్గరికి పోయి, ఒకవైపు వంగి, ఇంకోవైపు వంగి చూసుకునేవాడు. గులాబీ పట్టీ ఎప్పుడూ సగమే కనపడేది.

వాడి జత పేరు నేరేడి. తక్కువ ఎత్తులో ఎగిరేది, తక్కువ అరిచేది. గింజ దొరికితే ముందు పక్కవాళ్లను పిలిచేది. రేగమ్మకు ఆ కోడలంటే ఇష్టం. ఆ మాట కోడలితో ఎప్పుడూ అనలేదు.

ఇక్కడ పక్షుల సంగతి ఒకటి చెప్పాలి.

పక్షులకు చేతులు లేవు. ముక్కే చెయ్యి. ముక్కు కొనే వేలు. పండిన పండుకూ పండని కాయకూ తేడా ఆ కొనకు తెలుస్తుంది. ఒంటి మీద ఈకల మొదట్లో వెంట్రుకంత సన్నటి చిన్న ఈకలు ఉంటాయి. పెద్ద ఈక ఏమాత్రం కదిలినా, ఆ చిన్నవాటి వల్ల చర్మానికి కబురు అందుతుంది. కాళ్లకు కొమ్మ అదురు తెలుస్తుంది. పక్కన వచ్చి వాలింది ఎవరో, తల తిప్పి చూడకుండానే చిలుక చెప్పగలదు. తన భర్త వాలితే కొమ్మ ఎంత వంగేదో రేగమ్మ కాళ్లకు ఇప్పటికీ గుర్తే.

చిలుక తన రెక్కను తనే దువ్వుకుంటుంది. తోకను దువ్వుకుంటుంది. పొట్టను దువ్వుకుంటుంది. నెత్తినీ, మెడనూ మాత్రం దువ్వుకోలేదు. ముక్కు అక్కడికి అందదు. కాలితో గోక్కోవచ్చు, కానీ గోక్కోవడం వేరు, దువ్వడం వేరు.

అందుకే చిలుక తన జత ముందు తల వంచుతుంది. "చూడు" అని దాని అర్థం. రెండోది మెడ ఈకల్లోకి ముక్కు పోనిచ్చి, ఒక్కొక్క ఈకనూ మొదలు నుంచి చివరిదాకా దువ్వుతుంది. పేలుంటే తీసేస్తుంది. అయ్యాక తను తల వంచుతుంది. చిలుకల ప్రేమ చాలావరకు ఇంతే. మిగతాదంతా తిండి తెచ్చి ఒకరి నోట్లో ఒకరు పెట్టడం.

కెంపడూ నేరేడీ రోజూ సాయంత్రం అలాగే కూర్చునేవారు. రేగమ్మ పై కొమ్మ మీద కూర్చుని చూసేది. కాసేపు చూసి తల పక్కకు తిప్పుకునేది.

శ్రావణం వచ్చింది. పాత ఈకలు రాలి కొత్త ఈకలు వచ్చే కాలం అది. కోనలో చెట్ల కిందంతా ఆకుపచ్చ ఈకలు పడి ఉన్నాయి.

ఒక సాయంత్రం నేరేడి కెంపడి మెడ దువ్వుతోంది. పక్క కొమ్మ మీద ఒక కోకిల కూర్చుని ఉంది. నల్లగా నిగనిగలాడే మగకోకిల. పేరు కాటుకయ్య. వానాకాలంలో అతనికి పాట ఉండదు. పాట లేని రోజుల్లో మాటలు ఎక్కువ.

"అల్లుడూ," అన్నాడు కాటుకయ్య. "ఒకసారి కిందికి చూడు."

కెంపడు చూశాడు. రాయి మీద మూడు గులాబీ ఈకలు పడి ఉన్నాయి. తల తిప్పి నేరేడిని చూశాడు. ఆమె ముక్కుకు నాలుగోది అంటుకుని ఉంది.

"రోజూ చూస్తూనే ఉన్నాను," అన్నాడు కాటుకయ్య. "నాకెందుకులే అని ఊరుకున్నాను. నన్ను చూడు. నా మెడ మీద ఈ రోజుదాకా ఎవరి ముక్కూ పడలేదు. ఎలా మెరుస్తున్నానో నువ్వే చెప్పు."

"నువ్వు పీకుతున్నావా?" అని కెంపడు నేరేడిని అడిగాడు.

"అవే ఊడి వస్తున్నాయి," అంది నేరేడి. "ఇది రాలే కాలం. నా తోక చూడు, రెండే మిగిలాయి."

"నీ తోక సంగతి నాకెందుకు? తమకు హారం లేని వాళ్లకు ఎదుటివాళ్ల హారం కంటగింపుగానే ఉంటుంది."

నేరేడి నవ్వబోయింది. వాడు నిజంగానే అన్నాడని అర్థమయ్యేసరికి నవ్వు ఆగిపోయింది. అలవాటు కొద్దీ ముక్కు వాడి మెడ దగ్గరికి తెచ్చింది. కెంపడు గిరుక్కున తిరిగి ఆమె కాలివేలు కొరికాడు.

"నా మెడ జోలికి రాకు," అన్నాడు.

నేరేడి కాలు పైకి ఎత్తి పట్టుకుని, కొమ్మ చివరికి జరిగింది. కాటుకయ్య ఎగిరిపోయాడు. అతనికి అక్కడ ఇంకేం పని లేదు.

రేగమ్మ అంతా చూసింది. కొడుకు పక్కకు వచ్చి వాలింది.

"ఈకలు రాలే కాలంరా ఇది," అంది.

"నీకు తెలియదులే అమ్మా."

ఇంకో మాట చెప్పి ఉండాల్సింది. కోకిలలు గూడు కట్టవని, జతగా కాపురం చెయ్యవని, వాటికి ఈ సంగతులేం తెలుసని చెప్పి ఉండాల్సింది. మీ నాన్న హారం కూడా ఏటా నా ముక్కు కిందే రాలేది, ఏటా నా ముక్కు కిందే మొలిచేది అని చెప్పి ఉండాల్సింది. అవన్నీ ఆమె గొంతుదాకా వచ్చాయి. కానీ భర్త పేరు ఎత్తాల్సి వస్తుందని ఊరుకుంది.

పాత ఈకలు రాలిపోయాక కొత్తవి వచ్చాయి. కొత్త ఈక ఊరికే రాదు. మీద సన్నటి ఒర తొడుక్కుని వస్తుంది. చూడటానికి తుమ్మముల్లులా ఉంటుంది. ఆ ఒరను ముక్కుతో చిదిపి విప్పితే లోపలి ఈక విచ్చుకుంటుంది. ఒంటి మీద వచ్చిన వాటిని చిలుక తనే విప్పుకుంటుంది. నెత్తి మీదా మెడ మీదా వచ్చిన వాటిని జతే విప్పాలి.

కెంపడి మెడ నిండా ముళ్లు లేచాయి. దురద. ఏమాత్రం తగిలినా సలుపు. వాడు మెడను బెరడుకేసి రుద్దాడు. బెరడు నున్నగా ఉంది, ఏమీ కాలేదు. రాతికేసి రుద్దాడు. ముళ్లు వంగి చర్మంలోకే గుచ్చుకున్నాయి. ఎడమ చెవి వెనక ఒక పిడుదు చేరి రక్తం తాగి లావెక్కింది. అది వాడికి కనపడదు. కాలికి అందదు.

కార్తీకం వచ్చేసరికి వాడు ఎడమవైపు మెడ తిప్పలేకపోయాడు. తిప్పాల్సి వస్తే ఒళ్లంతా తిప్పేవాడు.

"ఏం అల్లుడూ, పెద్దమనిషి తరహాగా తిరుగుతున్నావే," అన్నాడు కాటుకయ్య.

కెంపడు దాన్ని మెప్పు అనుకున్నాడు.

నేరేడి తిండి తెచ్చి పక్కన పెట్టి జరిగేది. ఒకటి రెండుసార్లు, "ఎడమవైపు ఏదో ఉంది. చూడనా?" అని అడిగింది. "వద్దు," అన్నాడు. మూడోసారి ఆమె అడగలేదు. ఇద్దరి మధ్య ఇంకో ఇద్దరు కూర్చునేంత ఎడం ఉండేది.

మార్గశిరంలో కొండ కింద జొన్న పాలు పోసుకుంది. గుంపంతా చేను మీద వాలింది. అందరూ తింటున్నప్పుడు ఒకరు ఎత్తున కూర్చుని కాపలా కాయాలి. ఆ రోజు కాపలా కెంపడిది. చేను గట్టున తుమ్మచెట్టు చిటారుకొమ్మ మీద కూర్చున్నాడు.

డేగ ఎడమవైపు నుంచి వచ్చింది.

రేగమ్మ చేలో కంకి మీద ఉంది. ఏదో నీడ కదిలినట్టయి తల ఎత్తింది. డేగ కెంపడి వెనక ఉంది. కొడుకు కుడివైపు చూస్తున్నాడు.

ఆమె నోరు తెరిచింది. అరుపు రాలేదు. గాలివాన రోజు కూడా ఇలాగే రాలేదు.

అరిచింది నేరేడి. గుంపంతా ఒక్కసారి లేచింది. కెంపడు మెడ తిప్పబోయాడు, తిరగలేదు. ఒళ్లంతా తిప్పి ఎగిరేసరికి ఆలస్యమైంది. డేగ గోళ్లు ఎడమ మెడ మీద దిగాయి. నేరేడి డేగ మొహం మీదుగా దూసుకుపోయింది. డేగ పట్టు సడలింది. కెంపడు తుమ్మకొమ్మల్లో పడి, ముళ్లల్లోంచి జారి, నేల మీద పడ్డాడు.

ప్రాణం దక్కింది. మెడ ఎడమవైపు, హారం ఉండాల్సిన చోట, బొటనవేలి గోరంత చర్మం ఊడిపోయింది.

నెల రోజులు వాడు ఎక్కువ దూరం ఎగరలేకపోయాడు. గాయం ఎండింది. గర్వం ఎండలేదు. "కాపలా కాసేటప్పుడు గాలి ఎదురు కొట్టింది, అందుకే," అని అందరితో చెప్పాడు. నేరేడి డేగకు ఎదురు పోయిన సంగతి ఎక్కడా చెప్పలేదు.

మాఘం వచ్చింది. తొర్రలు పంచుకునే నెల.

తపసికోనలో దానికొక పద్ధతి ఉంది. తొర్ర కావాలనుకున్న జత మూడు సాయంత్రాలు దాని మూతి దగ్గర పక్కపక్కనే కూర్చుని, ఒకరి మెడ ఒకరు దువ్వుకోవాలి. అలా కూర్చున్న జత జోలికి ఎవరూ పోరు. ఎడంగా కూర్చుంటే మాత్రం ఆ తొర్రను ఎవరైనా తీసుకోవచ్చు. ఎడంగా ఉండేవాళ్లు లోపల పిల్లల్ని పెంచలేరని అడవికంతా తెలుసు.

మొదటి సాయంత్రం కెంపడు పెద్దచెట్టు తొర్ర మూతికి కుడివైపున కూర్చున్నాడు. నేరేడి ఎడమవైపున కూర్చుంది. మధ్యలో తొర్ర ఉంది.

ఎదురుగా కొమ్మ మీద ఒక గోరువంకల జంట వచ్చి వాలింది. ఆడదానికి నోరెక్కువ. పేరు వాగులమ్మ.

"ఏం వదినా," అని పై కొమ్మ మీదున్న రేగమ్మను పలకరించింది. "మీవాడు పెళ్లాం పక్కన కూర్చోవడానికి కొలతలేమన్నా పెట్టుకున్నాడా?"

"ఒంట్లో బాగోలేదు వాడికి," అంది రేగమ్మ.

"అయ్యో పాపం. ఒంట్లో బాగోలేనప్పుడే కదా పక్కన కూర్చునేది," అంది వాగులమ్మ. అని తన మొగుడి ముందు తల వంచింది. అతను దువ్వాడు. ఆమె కళ్లు సగం మూసుకుని, మూయని సగంతో తొర్రను చూస్తూ కూర్చుంది.

రెండో సాయంత్రమూ అంతే.

మూడో సాయంత్రం పొద్దు వాలుతుండగా గోరువంకలు లేచి నేరుగా తొర్రలోకి దూరాయి.

కెంపడు వెంట దూరాడు. "ఇది మా తొర్ర. నేను పుట్టిన తొర్ర," అన్నాడు. తొర్రలో పోట్లాడాలంటే మెడ అన్నివైపులా తిరగాలి. వాడి మెడ ఒకవైపే తిరుగుతుంది. వాగులమ్మ మొగుడు రెండో వైపు నుంచి పొడిచాడు. కెంపడు వెనక్కి వచ్చి పడ్డాడు.

వాగులమ్మ మూతిలోంచి తల బయటపెట్టింది. ఆమె గొంతులో ఇప్పుడు వెక్కిరింత లేదు.

"ఏమనుకోకు వదినా. మేం రెండేళ్లుగా కొమ్మ మీదే ఉన్నాం," అంది.

"నువ్వు చేసిన తప్పేం లేదు," అంది రేగమ్మ.

ఆరేళ్లు తను ఉన్న తొర్ర అది. రేగమ్మ దాన్ని ఒకసారి చూసి, కొడుకూ కోడలూ ఉన్న కొమ్మ మీదికి వెళ్లింది.

నేరేడి మాట్లాడుతోంది. గొంతు పెంచకుండానే మాట్లాడుతోంది.

"తొర్ర పోయినందుకు కాదు. తొర్రలోకి వెళ్లాక ఎలాగనుకున్నావు? నేను గుడ్ల మీద కూర్చుంటే నువ్వు తిండి తెచ్చి నా నోట్లో పెట్టాలి. నీ ముక్కు నా ముక్కుకు తగలాలి. తగలకుండా దూరంనుంచి విసిరేసేవాడివా?"

కెంపడు కాళ్ల కింది బెరడును గోళ్లతో గీకాడు.

"తెల్లారాక ఎగువకోనకు ఒక గుంపు పోతోంది. వాళ్లతో నేనూ పోతాను. అక్కడ తొర్రలు ఉన్నాయట." రెక్కలు విప్పి మళ్లీ ముడిచింది. "నీ హారం నేను పీకలేదు. ఆ మాట నువ్వు నమ్మితే చాలనుకున్నాను. ఆరు నెలలు చూశాను."

ఆమె ఎగిరి గుంపు ఉన్న చెట్టు మీదికి పోయింది.

కొమ్మ మీద తల్లీ కొడుకూ మిగిలారు. ఇంకా కాస్త వెలుగు ఉంది.

రేగమ్మ ఏం చెప్పాలా అని ఆలోచించింది. నేరేడి పోతే వాడు మళ్లీ జత కట్టడు. తనలాగే కొమ్మ చివర ఒక్కడే కూర్చుంటాడు. అలా కూర్చోవడం ఎలా ఉంటుందో ఆమెకు తెలుసు. అయినా మాట రాలేదు.

అప్పుడు ఆమె కొడుకు దగ్గరికి జరిగింది. వాడి ముందు తల వంచింది.

కెంపడు ముందు అర్థం చేసుకోలేదు. తల్లి తన ముందు తల వంచడం వాడెప్పుడూ చూడలేదు. పిల్లవాడిగా ఉన్నప్పుడు తల్లే తనను దువ్వేది. తర్వాత తండ్రి తల్లిని దువ్వేవాడు. ఆ తర్వాత...

ఆ తర్వాత సంగతి వాడికి తెలియదు. వాడు చూడలేదు.

ఇప్పుడు చూశాడు. నెత్తి మధ్య నుంచి మెడ దాకా ముళ్లే. ఒక్క ఈకా విచ్చుకోలేదు. కొన్ని ఎండి నల్లబడ్డాయి. కొన్నిచోట్ల చర్మం కనపడుతోంది.

"అమ్మా, ఇవి ఎప్పటినుంచి?"

"మీ నాన్న పోయినప్పటినుంచి."

"చెప్పలేదేం?"

"అడగడం రాలేదు."

"నొప్పిగా లేదా?"

"మొదట్లో ఉండేది. తర్వాత అలవాటైంది." రేగమ్మ తల ఎత్తకుండానే చెప్పింది. "అలవాటు కాకూడదురా. అది మంచిది కాదు."

కెంపడు ముక్కు దగ్గరికి తెచ్చాడు. ఒక ముల్లును కొనతో మెల్లగా నొక్కాడు. ఒర పగిలి తెల్లటి పొడిగా రాలింది. లోపలి నుంచి లేత ఆకుపచ్చ ఈక ఒకటి విచ్చుకుంది. తల్లి ఒళ్లు సన్నగా వణికి, తర్వాత వదులైంది. వాడు ఇంకొకటి విప్పాడు. ఇంకొకటి.

చెవి పక్కన ఒక పాత ఈక ఇరుక్కుని ఉంది. ఏనాడో రాలిపోవాల్సింది. వాడి ముక్కు తగిలీ తగలకముందే అది ఊడి వచ్చింది. వాడి ముక్కుకు అంటుకుంది.

కెంపడు వెనక్కి జరిగాడు. "నేను పీకలేదమ్మా," అన్నాడు.

"తెలుసు," అంది రేగమ్మ.

కెంపడు కళ్లు దించి చూశాడు. ముక్కుకు ఆ ఈక అలాగే ఉంది. ఈసారి ఇంకో మాట అవసరం లేకపోయింది.

తెల్లారింది. ఎగువకోనకు పోయే గుంపు ఎండ తగిలే కొమ్మ మీద చేరి రెక్కలు ఆరబెట్టుకుంటోంది. నేరేడి చివరన ఉంది. ఆమె అటు తిరిగి కూర్చుంది. వెనక కొమ్మ అదిరింది. వాలింది ఎవరో ఆమె కాళ్లకు తెలిసింది. తల తిప్పలేదు.

కెంపడు పక్కగా నడిచి వచ్చాడు. ఇద్దరి మధ్య ఎడం తగ్గింది. ఇంకా తగ్గింది. వాడు తల వంచాడు. గాయం మచ్చ, వంగిన ముళ్లు, చెవి వెనక పిడుదు, అన్నీ ఆమె కళ్ల ముందుకు వచ్చాయి. గుంపంతా చూస్తోంది. ఎవరో నవ్వారు కూడా. వాడు తల ఎత్తలేదు.

పై కొమ్మ మీద రేగమ్మ చూస్తోంది.

గుంపు లేచింది. "నేరేడీ, వస్తున్నావా లేదా?" అని ఎవరో అరిచారు.

నేరేడి గుంపు వైపు చూసింది. వాడి మెడ వైపు చూసింది.

"ఎక్కడ?" అంది.

"నాకు కనపడదు. నువ్వే చూడు," అన్నాడు కెంపడు.

ఆమె ముందు వాడి కాలివేలు కొరికింది. గట్టిగానే కొరికింది. కెంపడు కిక్కురుమనలేదు. అప్పుడు మెడ మీద ముక్కు పెట్టింది. మొదటి ముల్లు తగలగానే వాడు అదిరిపడ్డాడు.

"కదలకు," అంది.

"కదలను."

"పీకుతున్నానని మళ్లీ అంటావా?"

"ఊడితే ఊడనీ," అన్నాడు.

ఎండ నడినెత్తికి వచ్చేదాకా ఆమె దువ్వింది. పిడుదును పట్టి లాగి కింద పారేసింది. ఒక్కొక్క ఒరా విప్పింది. గుంపు ఎప్పుడో గట్టు దాటిపోయింది.

వాడి మెడ తిరగడం మొదలుపెట్టింది. కుడివైపు హారం మళ్లీ వచ్చింది. ఎడమవైపు మాత్రం రాలేదు. ఎన్ని శ్రావణాలు గడిచినా అక్కడ గులాబీ ఈక మొలవలేదు.

పెద్దచెట్టు తొర్రా మళ్లీ రాలేదు. కెంపడికీ నేరేడికీ దిగువన ఎండిన మోదుగలో చిన్న తొర్ర దొరికింది. పడమటి ఎండ లోపలికి కొడుతుంది. అందులో నాలుగు గుడ్లకు చోటు లేదు. ఆ ఏడు రెండే పెట్టింది నేరేడి. రెండూ పిల్లలయ్యాయి. పెద్దచెట్టులో వాగులమ్మ నలుగురు పిల్లల్ని పెంచింది. తనకు తిండి ఎక్కువైన రోజున ఒక పురుగు తెచ్చి, "మీరు తినరుగా, నా బుద్ధి మండా," అనుకుంటూ వెనక్కి పట్టుకుపోయేది.

ఒకరోజు కాటుకయ్య వచ్చాడు. అతనికి పాట వచ్చే కాలం అది. అయినా మాట ఆపుకోలేకపోయాడు.

"ఏం అల్లుడూ, హారం సగమే మిగిలిందే?"

"అలాగా మామా? నాకు కనపడదుగా," అన్నాడు కెంపడు. "మిగిలిన సగం బాగుందంటుంది నేరేడి. నీ మెడ ఎలా ఉందో నీకు ఎవరు చెప్తారు?"

కాటుకయ్య పాట మొదలుపెట్టుకుంటూ పోయాడు.

మోదుగ మీద పిల్లలు ఎగరడం నేర్చుకుంటున్న రోజుల్లో, ఒక సాయంత్రం రేగమ్మ కోడలు కూర్చున్న కొమ్మ మీద వచ్చి వాలింది. కాసేపు ఊరికే కూర్చుంది. ఒక అడుగు దగ్గరికి జరిగింది. మళ్లీ కాసేపు కూర్చుంది.

"ఏం అత్తా?" అంది నేరేడి.

"నెత్తి మీద ఒకచోట దురదగా ఉందమ్మా," అంది రేగమ్మ. "కాస్త చూస్తావా?"

ఆ మాట అనడానికి ఆమెకు ఏడాది పట్టింది.

నేరేడి పిల్లల్ని పక్కకు జరగమంది. "తల వంచు అత్తా. ఎక్కడ?"

"కొంచెం కుడికి," అంది రేగమ్మ. "ఇంకొంచెం. ఆ, అక్కడే."

నీతి: ఎవరి మెడ వెనక భాగం వాళ్లకు కనపడదు. అక్కడ చూసిపెట్టే వాళ్ల ముందు తల వంచడం చిన్నతనం కాదు. బాధ ఉన్నప్పుడు నోరు తెరిచి అడగడం కూడా చిన్నతనం కాదు.